ఎండకాలం వంట – ఒక్కటే మంట



ఇంకో పది దినాలైతే ఎండకాలం సెలవులు. పెట్టెలు సర్దుకుని అందరం ఇండ్లకు పోతాం. జనగామ దిక్కు వాళ్లు తండాలకు, మహబూబాబాద్, భూపాలపల్లి దిక్కు వాళ్లు గూడేలకు పోతాం. ఇంటికి పోయినంక ఆడపిల్లలం మొదట చేసే పని ఏంది? పొయ్యి కాడ కూర్చునుడు. అందుకే ఈసారి గోడపత్రికకు కథ రాయకుండా, ఎండకాలంలో తక్కువ మంటతో వంట ఎట్ల చేసుకోవాలో రాస్తున్నాను. ఇందులో కొంత మా అమ్మమ్మ చెప్పింది, కొంత సైన్స్ మేడం చెప్పింది. మిగిలింది నేను నిరుడు సెలవుల్లో చేసి చూసింది.

నేను ఎందుకు రాస్తున్నాను?

మా ఇంట్లో దినానికి మూడుసార్లు పొయ్యి ముట్టించేది. పొద్దున చాయకు, బువ్వకు ఒకసారి. పగటీలి కూరకు ఒకసారి. మాపటీలి మళ్లీ బువ్వకు ఒకసారి. కట్టెల మోపు నాలుగు దినాలకే అయిపోయేది. ఊరికి దగ్గర ఎండు కట్టె లేదు. దూరం పోవాలె. అమ్మ తునికాకు కోయడానికి పోతది కాబట్టి కట్టెలకు అమ్మమ్మ పోయేది.

నిరుడు మే నెలలో ఒకరోజు అమ్మమ్మ పొద్దెక్కినంక బయలుదేరింది. పగటీలి అయినా తిరిగి రాలేదు. నేను, అమ్మ వెతుక్కుంటూ పోయినం. ఇప్పచెట్టు కింద పడుకొని ఉంది. పక్కన మోపు ఉంది. నోరు ఎండిపోయి మాట వస్తలేదు. ఒళ్లు కాలుతున్నది. అమ్మ కొంగు తడిపి ఒళ్లంతా తుడిచింది. కొంచెం తెలివి వచ్చినంక ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు గుక్కగుక్కగా తాగించినం. ఆశ అక్క వచ్చి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇచ్చింది. మూడు దినాలకు అమ్మమ్మ లేచి కూర్చున్నది. లేచినంక మొదట అడిగిన మాట ఏందో తెలుసా? "ఆ మోపు ఎవలన్న తెచ్చిన్రా, అడవిల్నే ఉన్నదా?"

అప్పుడు నాకు అర్థమైంది. ఇంట్లో మనం పొయ్యి ఎక్కువసార్లు ముట్టిస్తే అమ్మమ్మ ఎక్కువసార్లు అడవికి పోవాలె.

(గమనిక: వడదెబ్బ తగిలిన మనిషికి తెలివి లేకపోతే నోట్లో నీళ్లు పోయవద్దు. నీడకు చేర్చి, తడిబట్టతో తుడుస్తూ, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.)

గ్యాస్ ఉంది కదా అంటారు

నిజమే. 2016 మే 1న ఉజ్వల పథకం మొదలైంది. మా గూడెంలో కూడా చాలా ఇండ్లకు గ్యాస్ పొయ్యి వచ్చింది. ఒక సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. కాని అది అయిపోతే మళ్లీ తెచ్చుకోవడానికి పైసలు కావాలి, మండలానికి పోవడానికి ఆటో కావాలి. అందుకే అమ్మ దాన్ని చుట్టాలు వచ్చినప్పటికి, వానాకాలం కట్టెలు తడిసినప్పటికి దాచిపెడుతుంది. గ్యాస్ ఉన్నా కట్టెల పొయ్యి ఆరలేదు.

మా గదిలో అందరినీ అడిగి చూసిన. జనగామ దిక్కు స్నేహితురాలి ఇంట్లో పత్తికట్టె, కందికట్టె, తుమ్మకట్టె కాలుస్తరట. మహబూబాబాద్ దిక్కు మాకు అడవి కట్టె, మిరపకట్టె. భూపాలపల్లి పట్నంలో ఉండే స్నేహితురాలు మాత్రం "మాది కరెంటు పొయ్యి, మాకు పొగ లేదు" అన్నది. అప్పుడు సార్ నవ్వి, "భూపాలపల్లి దగ్గర చెల్పూరులో ఉన్న కాకతీయ థర్మల్ కేంద్రం 1100 మెగావాట్లది. అక్కడ కరెంటు తయారయ్యేది బొగ్గు కాలిస్తేనే. మీ పొయ్యి పొగ ఆ పొగగొట్టంలో నుంచి పోతున్నది" అన్నాడు. అంటే కట్టె, గ్యాస్, కరెంటు ఏది వాడినా పొదుపు అందరికీ కావాలి.

పొగ సంగతి కూడా చిన్నది కాదు. ఇంట్లో పొయ్యి పొగ వల్ల 2020 సంవత్సరంలో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన అమ్మల కండ్లు ఎర్రగా ఉండేది, పొద్దున లేస్తే దగ్గేది ఊరికే కాదు.

ఒక్కటే మంట అంటే ఏమిటి?

పొద్దున ఐదు గంటలకు, ఎండ రాకముందే పొయ్యి ముట్టించాలి. దినానికి కావలసిన వంట అంతా ఆ ఒక్క మంట మీదనే, ఒకదాని వెంట ఒకటి చేసుకోవాలి. ఏడున్నరకు పొయ్యి ఆర్పాలి. మళ్లీ తెల్లారేదాక పొయ్యి ముట్టించవద్దు. మా ఇంట్లో వరుస ఇట్ల పెట్టుకున్నం.

మొదట అంబలి. ఇది పొద్దటికి, పది గంటలకు పని కాడికి.
రెండోది అన్నం, పప్పు. ఇది పగటీలికి.
మూడోది జొన్నరొట్టెలు. ఇవి మాపటీలికి.
ఆఖరున మిగిలిన నిప్పుల మీద పచ్చిమిరపకాయలు, మామిడికాయ, వంకాయ కాల్చుకోవాలి.

జొన్నరొట్టె పొద్దున చేసినా మాపటిదాక పాడు కాదు. అందులో తడి తక్కువ కాబట్టి. మాపటీలి రొట్టె, మామిడికాయ తొక్కు, ఉల్లిగడ్డ, సల్ల ఉంటే చాలు.

అంబలి చేసే విధానం

మా గూడెంలో దీన్ని జావ అని కూడా అంటరు. ఐదుగురికి సరిపోయే లెక్క రాస్తున్నాను.

ముందురోజు మాపటీలి కుండలో ఒక గ్లాసు జొన్నపిండి, రెండు గ్లాసుల నీళ్లు కలిపి పైన బట్ట కట్టి పెట్టాలి. తెల్లారేసరికి పులుస్తుంది. పొద్దున ఆరు గ్లాసుల నీళ్లు ఎసరు పెట్టాలి. ఎసరు మసిలినంక పిడికెడు నూకలు వేయాలి. నూకలు మెత్తబడినంక పులిసిన పిండి కొంచెం కొంచెం పోస్తూ, ఉండలు కట్టకుండా గంటెతో కలుపుతూ ఉండాలి. పది, పదిహేను నిమిషాలకు చిక్కబడుతుంది. దించి సల్లార్చి ఉప్పు, సల్ల కలుపుకోవాలి. పక్కన ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ.

అంబలి పులవడం అంటే చెడిపోవడం కాదు. పెరుగు తోడుకున్నట్లే, మేలు చేసే సూక్ష్మజీవులు పిండిని పులియబెడతాయి. పులిసిన పిండిలో ఉండే ఇనుము ఒంటికి సులువుగా అందుతుంది. చెమటతో పోయిన నీళ్లు, ఉప్పు మళ్లీ ఒంట్లోకి వస్తాయి. జొన్నల్లో పీచు పాలిష్ బియ్యం కంటె మూడు రెట్లకు పైనే ఉంటుంది. కాబట్టి తొందరగా ఆకలి కాదు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. నేను ఆరో తరగతిలో హాస్టల్‌కు వచ్చిన కొత్తలో "మీ ఇంట్లో పొద్దున ఏం తింటరు?" అని ఒకరు అడిగితే "ఇడ్లీ" అని అబద్ధం చెప్పిన. అంబలి అంటే నవ్వుతరని సిగ్గు. 2023వ సంవత్సరాన్ని ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. జొన్న, రాగి, సజ్జ, కొర్ర, సామ తినమని అన్ని దేశాలకు చెప్పింది. ఆ సంగతి ఇంటికి పోయి చెప్తే అమ్మమ్మ, "గది చెప్పుడానికి గంత పెద్ద సభ పెట్టిన్రా" అని నవ్వింది. ఇప్పుడు ఎవరు అడిగినా అంబలి అనే చెప్తున్న.

పచ్చిపులుసు: మంట లేని చారు

నిమ్మకాయంత చింతపండు మూడు గ్లాసుల నీళ్లలో నానబెట్టి పిసికి పిప్పి తీసేయాలి. నిప్పుల మీద కాల్చిన రెండు, మూడు పచ్చిమిరపకాయలు ఉప్పుతో నలిపి వేయాలి. సన్నగా కోసిన ఉల్లిగడ్డ, చిన్న బెల్లం ముక్క, కొత్తిమీర, చెంచెడు వేయించిన నువ్వుల పొడి కలపాలి. అంతే. ఉడికించే పని లేదు. చింతపండు లేకపోతే నిప్పుల్లో కాల్చిన పచ్చి మామిడికాయ గుజ్జు వేసుకోవచ్చు. అది ఇంకా రుచి. పచ్చి మామిడిలో ఉండే సి విటమిన్ వల్ల జొన్నల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అయితే సి విటమిన్ వేడికి పోతుంది కాబట్టి కొంచెం పచ్చి ముక్కలు కూడా వేసుకోవాలి.

మా కోయోళ్లలో కొత్త మామిడికాయ పండుగ కాకముందు ఎవరూ కొత్త కాయ తినరు. చిన్నప్పుడు నాకు ఇది కోపం వచ్చేది. చెట్టు నిండ కాయలుంటే తినొద్దు అంటరేంది అనిపించేది. ఇప్పుడు అనిపిస్తుంది, పిందెలు తెంపకుండా కాయ ముదిరేదాక చెట్టును కాపాడే కట్టుబాటు అది అని.

ఎండతోనే వంట

ఎండకాలంలో మనకు పైసలు లేకుండా దొరికే మంట ఎండ ఒక్కటే. దాన్ని వాడుకోవాలి. టమాటలు, కాకరకాయలు, పచ్చి మామిడికాయలు కోసి ఎండబెడితే ఒరుగులు అవుతాయి. తడి పోతే సూక్ష్మజీవులు పెరగవు, అందుకే ఏడాది దాక ఉంటాయి. ఇప్పపువ్వు కూడా అంతే. తెల్లారగట్ల ఏరుకొచ్చి బాగా ఎండబెట్టి దాచుకుంటే వేయించి నువ్వులు, బెల్లంతో దంచి ముద్దలు చేసుకోవచ్చు. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళలు సంఘం పెట్టుకొని ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. మనం సారా పువ్వు అనుకునేది నిజానికి తిండి పువ్వు.

మంట తక్కువ కావాలంటే

1. మూత పెట్టాలి. సైన్స్ మేడం బోర్డు మీద లెక్క చేసి చూపించింది. ఒక గ్రాము నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 70 కెలోరీల వేడి చాలు. అదే మరిగే నీళ్లు ఒక గ్రాము ఆవిరి కావడానికి 540 కెలోరీలు కావాలి. ఏడు రెట్లకు పైనే. మూత లేని గంజులో నుంచి పోయే ఆవిరి అంతా మనం నెత్తిన మోసుకొచ్చిన కట్టెలే.

2. మసిలినంక మంట తగ్గించాలి. నీళ్లు మసిలినంక ఎంత పెద్ద మంట పెట్టినా వేడి 100 డిగ్రీలు దాటదు. అన్నం తొందరగా ఉడకదు. రెండు కట్టెలు బయటికి గుంజాలి.

3. నానబెట్టాలి. కందిపప్పు గంటసేపు, పెసర్లు, ఉలవలు, బొబ్బెర్లు రాత్రంతా నానాలి. నానిన గింజ తొందరగా ఉడుకుతుంది.

4. మగ్గనివ్వాలి. అన్నం ముప్పావు ఉడికినంక దించి, గడ్డి పరిచిన గంపలో పెట్టి, పైన గోనెసంచి, పాత దుప్పటి కప్పాలి. అరగంటలో లోపలి వేడికే అన్నం పూర్తిగా ఉడుకుతుంది. మొదటిసారి నేను చేస్తే నాయిన నమ్మలేదు. "బువ్వకు చలి పెడుతున్నదా బిడ్డా?" అన్నడు. మూత తీసి చూపించినంక ఊకున్నడు.

5. కట్టెలు ఎండినవి, సన్నగా చీల్చినవి పెట్టాలి. పచ్చికట్టె కొంత వేడి తన తడి ఆరడానికే తింటుంది, పొగ ఎక్కువ. కట్టెల నడుమ గాలి పోయే సందు ఉండాలి.

6. పొయ్యి ముట్టించడానికి పాలకవర్లు, తెగిన చెప్పులు కాల్చవద్దు. మా గూడెంలో చాలా ఇండ్లల్లో ఇదే చేస్తున్నరు. ప్లాస్టిక్ పొగ విషం. మక్కబెండ్లు, ఎండు తాటాకు, కందిపుల్లలు తొందరగా అంటుకుంటాయి.

తప్పు కూడా జరిగింది

అన్నీ మంచిగనే అయినయి అని రాస్తే అబద్ధమవుతుంది. రెండో దినమే పొద్దున వండిన పప్పు రాత్రిదాక పెట్టిన. నురుగు వచ్చి వాసన కొట్టింది. గంజెడు పప్పు పారబోసినం. అమ్మ బాగా తిట్టింది. పప్పు పారబోస్తే కట్టెలు, నీళ్లు, పైసలు అన్నీ పోయినట్లే.

కాబట్టి ఈ జాగ్రత్తలు తప్పనిసరి. పప్పు, కూర, మాంసం, చేపలు పగటీలికే తినేయాలి. అన్నం మిగలకుండా కొలిచి వండాలి. మిగిలితే సల్లారిన వెంటనే మంచినీళ్లు పోసి సల్ల కలిపి, చల్లని చోట పెట్టి, తెల్లారి సద్దిగా తినాలి. ఆ తరువాత ఉంచవద్దు. వాసన వచ్చినా, జిగురు సాగినా పశువుల కుడితిలో పోయాలి. చంటిపిల్లలు, బాలింతలు, జ్వరం వచ్చినవాళ్లు ఉన్న ఇంట్లో మాపటీలి కూడా వేడిగా వండాల్సిందే. అక్కడ ఒక్కటే మంట అని పట్టు పట్టవద్దు.

లెక్క ఏం తేలింది?

నేను బొగ్గుతో గోడ మీద గీతలు గీసిన. దినానికి ఒక గీత. ముందు మోపు నాలుగు గీతలకు అయిపోయేది. ఒక్క మంట మొదలుపెట్టినంక ఏడు గీతలు వచ్చినయి. చిన్నమ్మ వాళ్ల ఇంట్లో ఆరు వచ్చినయి. అంటే నెలకు ఏడుసార్లు పోయేది నాలుగుసార్లకు వచ్చింది. ఆ నాలుగుసార్లు కూడా తెల్లారగట్లనే నేను, నాయిన పోయినం. అమ్మమ్మను పోనియ్యలేదు.

ఇంకో లాభం కూడా ఉంది. ఎండకాలం పగటీలి గాలి దుమారం లేస్తది. పొయ్యిలో నుంచి ఒక్క నిప్పురవ్వ గడ్డికప్పు మీద పడితే గుడిసెలకు గుడిసెలు కాలిపోతాయి. పగటీలి పొయ్యి లేకపోతే ఆ భయం తగ్గుతుంది. పొద్దున కూడా పొయ్యి ఆర్పినంక నిప్పుల మీద నీళ్లు చల్లాలి. ఆరిన బొగ్గులు మళ్లీ పనికొస్తాయి.

అడవి సంగతి కూడా ఇదే. ఇప్పపువ్వు ఏరడం సులువు కావాలని కొందరు చెట్టు కింద ఆకులకు అగ్గి పెడతారు. అది పాకి అడవి కాలుతుంది. మొలకలు చస్తాయి, పిట్టల గూళ్లు పోతాయి, వచ్చే ఏడు ఎండుకట్టె కూడా దొరకదు. చీపురుతో ఊడ్చినా, పాత చీర పరిచినా పువ్వు శుభ్రంగా దొరుకుతుంది.

ఇంటి చుట్టూ చేసుకునే పనులు

పొయ్యి బూడిదతో గిన్నెలు తోముకోవచ్చు. జిడ్డు బూడిదకే పోతుంది. ఎండిన బీరకాయ పీచు తోముడుకు మంచిగుంటుంది.

బియ్యం కడిగిన నీళ్లు కుడితికి, గిన్నెలు కడిగిన నీళ్లు పెరట్లో అరటి, బొప్పాయి మొదట్లకు పోవాలి. గంగవాయిలి కూర, తోటకూర ఆ నీళ్లకే పెరుగుతాయి.

తాగే నీళ్లకు రంజన్ పెట్టుకోవాలి. మట్టి కుండ సన్నని రంధ్రాల్లో నుంచి నీరు ఊరి ఆవిరి అవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. అందుకే నీళ్లు సల్లగుంటాయి. కుండ మీద తడిబట్ట చుట్టి గాలి తగిలే చోట పెట్టాలి.

పెండ్లిళ్లకు మోదుగాకు, అడ్డాకు విస్తర్లే వాడాలి. 2022 జూలై 1 నుంచి మన దేశంలో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు నిషేధం. ఆకు విస్తరి పెంటకుప్పలో వేస్తే ఎరువు అవుతుంది.

ఈ పనులన్నీ ఆడపిల్లలమే చేయాలని లేదు. అన్నలకు, తమ్ముళ్లకు కూడా నేర్పాలి. మా తమ్ముడు ఇప్పుడు పచ్చిపులుసు నాకంటె మంచిగ చేస్తున్నడు.

వార్డెన్ మేడంకు మనవి

మన హాస్టల్‌లో కూడా ఎండకాలం ఉన్నన్ని దినాలు వారానికి ఒక్కసారన్న పొద్దున అంబలి పెట్టాలని కోరుతున్నాను. వరండాలో రెండు రంజన్లు పెడితే నీళ్లు నింపే పని మా తొమ్మిదో తరగతి వాళ్లం వంతులవారీగా చూసుకుంటాం. చేతులు కడిగే కాడి నీళ్లు పోవడానికి కాలువ తీసి నాలుగు అరటి పిలకలు పెట్టుకుందాం. గుంత మేమే తవ్వుతాం.

స్నేహితులారా, సెలవుల్లో మీ ఇంట్లో కూడా గోడ మీద గీతలు గీయండి. మోపు ఎన్ని దినాలు వచ్చిందో, సిలిండర్ ఎన్ని దినాలు వచ్చిందో రాసుకొని రండి. జూన్‌లో బడి తెరిచినంక అందరి లెక్కలు కలిపి ఇదే గోడ మీద రాసుకుందాం.

ఇట్లు,
తొమ్మిదవ తరగతి విద్యార్థిని